మట్టిలో ఉన్నా మొక్కకు అందనిది

(షోలాపూర్ నేత కార్మికుల వాడలో జరిగిన యువజన కూడికలో ఇచ్చిన ప్రసంగ పాఠం)



పగటి షిఫ్టు దిగి కొందరు, రాత్రి షిఫ్టు ఎక్కేముందు కొందరు ఇక్కడికి వచ్చారు. ఒళ్ళోని బీడీల చాట పక్కనపెట్టి వచ్చిన అక్కలూ అమ్మలూ ఉన్నారు. మీరు ఇక్కడ కూర్చున్న ప్రతి గంటా కూలి పోగొట్టుకున్న గంటే అని మాకు తెలుసు. అందుకే సూటిగా విషయంలోకి వస్తాం.

ఈరోజు మేం మాట్లాడబోయేది పంట మొక్క తిండి గురించి. మట్టిలో ఉన్న ఇనుము, జింకు, భాస్వరం, పొటాష్ లాంటి ఖనిజాలను మొక్క ఎలా తీసుకుంటుంది, తీసుకుని ఏం చేస్తుంది అన్నది. ఈ మాట చెప్పగానే కూడిక ఏర్పాటు చేసిన తమ్ముడొకరు నవ్వాడు. "పాస్టరుగారూ, ఈ వాడలో ఎవరికీ గుంట భూమి లేదు. మగ్గం గురించి చెప్పండి, కూలి గురించి చెప్పండి" అన్నాడు. న్యాయమైన మాటే. అయినా ఈ విషయమే ఎందుకు ఎంచుకున్నామో మూడు కారణాలు చెప్తాం.

ఒకటి, మనం భూమికి అంత దూరం కాదు. మన తాతలు తెలంగాణ పల్లెల నుంచి మగ్గాన్ని నమ్ముకుని ఈ ఊరొచ్చారు. కానీ బాబాయో మేనమామో ఇంకా ఊళ్ళో సాగు చేస్తూనే ఉన్నాడు. వానకాలం వస్తే "యూరియాకు డబ్బులు పంపు" అని ఫోను వస్తుంది. రెండు, మనం నేసే చద్దరు, తువ్వాలు పత్తి నూలువి. పత్తి చేలో ఎరువు అప్పు పెరిగితే ఆ బరువు నూలు మీద పడకుండా పోదు. మూడోది మన ఇంటి ఆడవాళ్ళ రక్తం. అక్కడికి నెమ్మదిగా వస్తాం.

ముందు ఒక ఉపమానం. లూకా సువార్త 13వ అధ్యాయంలోని అంజూరపు చెట్టు మనందరికీ తెలుసు. మూడేళ్ళుగా కాయ లేదని యజమాని ఆ చెట్టును నరికించబోతాడు. తోటమాలి ఇంకొక్క ఏడాది గడువు అడుగుతాడు. ఈ భాగం మీద మేమూ చాలాసార్లు ప్రసంగించాం. మారుమనస్సు గురించి, దేవుని ఓర్పు గురించి చెప్పాం. కానీ ఆ తోటమాలి ఏం చేస్తానన్నాడో అక్కడ ఆగి చూడలేదు. రెండే పనులు చెప్పాడు: చుట్టూ తవ్వడం, ఎరువు వేయడం. చెట్టును తిట్టలేదు. నీలో లోపం ఉందనలేదు. వేరు దగ్గరికి వెళ్ళాడు. ఆ వేరు దగ్గర ఏం జరుగుతుందో ఈ సాయంత్రం చూద్దాం.

రెండు ఔన్సుల సంగతి

దాదాపు 400 ఏళ్ళ కిందట బ్రస్సెల్స్ ప్రాంతంలో వాన్ హెల్మాంట్ అనే వైద్యుడు ఒక పరీక్ష చేశాడు. ఒక తొట్టిలో 200 పౌండ్ల ఎండుమట్టి తూచి పోశాడు. అందులో 5 పౌండ్ల విల్లో మొక్క నాటి, అయిదేళ్ళపాటు నీళ్ళు మాత్రమే పోశాడు. తర్వాత తూస్తే చెట్టు 169 పౌండ్లకు పెరిగింది. మట్టిని ఎండబెట్టి తూస్తే తగ్గింది 2 ఔన్సులే. "అయితే చెట్టంతా నీళ్ళతోనే తయారైంది" అని ఆయన తేల్చాడు. ఆయన చనిపోయాక 1648లో ఇది అచ్చయింది.

ఆయన లెక్క సరిగానే ఉంది, అర్థమే తప్పింది. చెట్టు బరువులో పెద్ద భాగం గాలిలోంచి ఆకులు పీల్చుకున్న బొగ్గుపులుసు వాయువు, దానితో కలిసిన నీరు. ఆ సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు. ఇంకో తప్పు కూడా ఉంది. ఆ 2 ఔన్సులను ఆయన లెక్కలోంచి తీసేశాడు. నిజానికి ఆ చెట్టు మట్టి నుంచి తీసుకున్న తిండి ఆ కొంచెంలోనే ఉంది.

మొక్కకు తప్పనిసరైన మూలకాలు 17 అని ఇప్పుడు శాస్త్రం చెబుతోంది. కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్ గాలి నుంచీ నీటి నుంచీ వస్తాయి. మిగిలిన 14 ప్రధానంగా మట్టిలోంచే రావాలి. నత్రజని లేకపోతే మాంసకృత్తులు లేవు, ఆకుపచ్చదనం లేదు. భాస్వరం లేకపోతే మొక్క లోపల శక్తి ఒకచోటి నుంచి మరోచోటికి చేరదు. మెగ్నీషియం పత్రహరితం నడిమధ్యలో కూర్చుంటుంది. ఇనుము పత్రహరితంలో ఉండదు, కానీ అది లేనిదే పత్రహరితం తయారు కాదు. పొటాష్ సంగతి చిత్రంగా ఉంటుంది. అది మొక్కలో ఏ కట్టడంలోనూ భాగం కాదు, వాకిలి కాపలాదారు లాంటిది. ఆకు మీది సన్నని రంధ్రాలు తెరుచుకోవాలన్నా మూసుకోవాలన్నా అదే కావాలి. వాన తక్కువైన ఏడాది పొటాష్ చాలని చేను ముందుగా వాడిపోవడానికి ఇదొక కారణం.

ఇవన్నీ సమానంగా అవసరం లేదు. ఎండిన మొక్కలో నత్రజని సుమారు నూటికి ఒకటిన్నర పాళ్ళుంటే చాలు. మాలిబ్డినం కోటి పాళ్ళలో ఒక పాలు చాలు. కానీ ఆ కోటిలో ఒక పాలు లేకపోతే, వేరు తీసుకున్న నైట్రేటును మొక్క వాడుకోలేదు. చిన్నదని వదిలేయడానికి లేదు. సంఘంలో కూడా ఇంతే, అవునా కాదా?

తొట్టిలో రంగు, నూలుకు పట్టని రంగు

ఇప్పుడు అసలు ప్రశ్న. మట్టిలో ఉన్నది మొక్కలోకి ఎలా వెళ్తుంది?

వేరుకు నోరు లేదు. పేడను పేడగా తినలేదు. మట్టిలోని సూక్ష్మజీవులు పేడను కుళ్ళబెట్టి, విడగొట్టి, నీళ్ళలో కరిగే ఉప్పులుగా మార్చాలి. యూరియా కూడా అలాగే చాలావరకు ముందు అమ్మోనియంగా, ఆపైన నైట్రేటుగా మారాకే వేరులోకి వెళ్తుంది. వేరు గుమ్మం దగ్గరికి వచ్చిన నైట్రేటును "నువ్వు పేడలోంచి వచ్చావా, బస్తాలోంచి వచ్చావా" అని వేరు అడగదు. దాని పుట్టుక చూడదు. అయితే తేడా లేదని కాదు. పేడ మొక్కతోపాటు మట్టిలోని జీవులకూ తిండి పెడుతుంది, మట్టిని గుల్ల చేస్తుంది, తేమ నిలుపుతుంది. బస్తా ఆ పని చేయదు.

కరిగిన ఖనిజం వేరును మూడు దారుల్లో చేరుతుంది. వేరు పెరుగుతూ పోయి దాన్ని తాకడం ఒకటి. ఆకులు ఆవిరి వదులుతూ నీటిని పైకి లాగినప్పుడు ఆ నీటితో కొట్టుకురావడం రెండోది. నైట్రేటు ఎక్కువగా ఇలా వస్తుంది. ఎక్కువ ఉన్న చోటి నుంచి తక్కువ ఉన్న చోటికి మెల్లగా పాకడం మూడోది. భాస్వరం ఇలా వస్తుంది, అదీ ఏవో కొద్ది మిల్లీమీటర్లు మాత్రమే. అందుకే భాస్వరం ఎరువును పైన చల్లేకంటే విత్తనం దగ్గర, మట్టి లోపల వేయాలంటారు.

వేరు దాకా వచ్చినా పని అయిపోలేదు. వేరు కణాలకు పొర ఉంటుంది, ఆ పొరలో గుమ్మాలుంటాయి. మొక్క తన శక్తి ఖర్చుపెట్టి హైడ్రోజన్ అయాన్లను బయటికి తోస్తుంది. ఆ తోపుడు బలంతోనే చాలా ఖనిజాలు లోపలికి వస్తాయి. ఆ శక్తి రావాలంటే వేరు ఊపిరి పీల్చాలి, మట్టిలో గాలి ఉండాలి. నీళ్ళు నిలిచిన చేలో మందు ఎంత వేసినా పైరు పసుపెక్కేది ఇందుకే. తోటమాలి ఎరువు కంటే ముందు తవ్వుతానన్నాడు. ఎందుకో ఇప్పుడు మనకు అర్థమవుతోంది.

రంగు కార్ఖానాలో పనిచేసే తమ్ముళ్ళకు ఇదంతా వేరే రూపంలో తెలుసు. తొట్టిలో రియాక్టివ్ రంగు కలిపి నూలు ముంచితే సరిపోతుందా? ఉప్పు పడాలి, తర్వాత సోడా పడాలి. అవి లేకుండా ముంచి తీస్తే మొదటి ఉతుకులోనే రంగు నీళ్ళపాలు. రంగు తొట్టిలో ఉండటం వేరు, నూలుకు పట్టడం వేరు. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. ఈ ప్రసంగమంతా దాని మీదే నడుస్తుంది.

నల్లరేగడిలో ఇనుము

భూమి పైపొరలో ఎక్కువగా దొరికే మూలకాల్లో ఇనుముది నాలుగో స్థానం. మన పూర్వీకుల ఊళ్ళలో ఎర్రనేల ఎర్రగా ఉందంటే ఇనుము వల్లే. ఈ షోలాపూర్ చుట్టూ ఉన్న నల్లరేగడిలోనూ ఇనుము బోలెడుంది. అయినా ఇక్కడి చెరకు పిలకలో, వేరుశనగలో కొత్త ఆకు పాలిపోయి, ఈనెలు మాత్రం పచ్చగా మిగిలే జబ్బు వస్తుంది. అది ఇనుము లోపం. ఇనుము మధ్యలో నిలబడి ఇనుముకు మొహం వాచడమంటే ఇదే.

కారణం సున్నం. నల్లరేగడిలో సున్నపు గడ్డలుంటాయి, నేల క్షారంగా ఉంటుంది. నేల పీహెచ్ ఒక్క అంకె పెరిగితే ఇనుము కరిగే గుణం వెయ్యి రెట్లు తగ్గుతుంది. నేలలో ఉంది కానీ తాళం వేసి ఉంది.

మొక్క చేతులు ముడుచుకుని కూర్చోదు. వేరుశనగ, కంది లాంటివి వేరు చుట్టూ పులుపు వదిలి ఇనుమును కరిగించుకుంటాయి. గడ్డిజాతి పైర్లది వేరే పద్ధతి. ఇనుమును పట్టి తెచ్చే ఒక పదార్థాన్ని వేరు బయటికి పంపుతుంది. అది ఇనుమును కౌగిలించుకుని వెనక్కి వస్తుంది. ఈ సంగతిని 1970లలో జపాన్ శాస్త్రవేత్త తకాగి బయటపెట్టాడు. బార్లీ ఆ పదార్థాన్ని ధారాళంగా వదులుతుంది. మన జొన్న చాలా తక్కువ వదులుతుంది. అందుకే సున్నపు నేలలో జొన్న లేత ఆకు తెల్లబడటం చూస్తాం.

పొరుగు సాయం కూడా ఉంది. మట్టిలో ఒకరకం శిలీంధ్రాలు మన నూలుకంటే ఎన్నో రెట్లు సన్నని పోగులతో వేరును అల్లుకుంటాయి. వేరు చేరలేని చోటి నుంచి భాస్వరం తెచ్చి ఇస్తాయి, బదులుగా మొక్క దగ్గర చక్కెర తీసుకుంటాయి. ఇక కంది. ఎర్రనేలలో ఇనుము పట్టి బిగించిన భాస్వరాన్ని కంది వేరు ఒక ఆమ్లం వదిలి విడిపించుకుంటుందని 1990లో పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో పనిచేసిన శాస్త్రవేత్తలు ప్రకటించారు. కంది తర్వాత వేసిన పైరుకు కూడా ఆ మేలు అందుతుంది. జొన్నలో కంది అంతరపంట వేసిన మన పెద్దలకు ఆమ్లం పేరు తెలియదు. కంది ఉన్న చేను బాగుంటుందని మాత్రం తెలుసు.

ఏది తక్కువైతే అదే ఆపుతుంది

జర్మనీలో స్ప్రెంగెల్ మొదట చెప్పి, లీబిగ్ 19వ శతాబ్దం నడుమ ప్రచారంలోకి తెచ్చిన సూత్రం ఒకటుంది. పంట ఎంత రావాలన్నది ఎక్కువ ఉన్న పోషకం తేల్చదు, అన్నిటికన్నా తక్కువ పడ్డ పోషకం తేలుస్తుంది. మీకు దీన్ని వివరించక్కర్లేదు. పడుగు ఎంత నిండుగా ఎక్కించినా కండెలో పేక నూలు అయిపోతే మగ్గం ఆగుతుంది. అప్పుడు ఇంకో పడుగు తెచ్చి ఏం లాభం?

కానీ పొలంలో చేస్తున్నది అదే. 2010 ఏప్రిల్ నుంచి భాస్వరం, పొటాష్ ఎరువుల ధరలను కంపెనీలకు వదిలి, కేంద్రం కిలోకింత అని రాయితీ ఇస్తోంది. యూరియా ధర మాత్రం తన చేతిలోనే పెట్టుకుంది. 45 కిలోల బస్తా, పన్నులూ వేపపూత ఖర్చూ కాకుండా, 242 రూపాయలు. చవకగా ఉన్నదాన్నే రైతు ఎక్కువ వేస్తాడు, అది అతని తప్పు కాదు. మన దేశంలో పరీక్షించిన మట్టి నమూనాల్లో మూడోవంతుకు పైగా జింకు లోపం ఉన్నట్టు తేలింది. జింకు లేని చేలో నాలుగో బస్తా యూరియా వేస్తే పైరు తీసుకోదు. కొంత ఆవిరై పోతుంది, కొంత బావినీళ్ళలో కలుస్తుంది. అప్పు మాత్రం ఎక్కడికీ పోదు.

ఈ వాడలోనే ఒక కుటుంబం గురించి మాకు తెలుసు. పెద్దవాడు మరమగ్గం నడుపుతాడు, తమ్ముడు ఊళ్ళో వరి వేస్తాడు. నాటు వేసిన రెండు మూడు వారాలకు ఆకుల మీద తుప్పు రంగు మచ్చలొస్తే, బలం చాలలేదని అన్న పంపిన డబ్బంతా యూరియాకే పోసాడు. తుప్పు మచ్చల ఈ జబ్బు జింకు లోపమని 1966లోనే పంత్‌నగర్‌లో డాక్టర్ నెనె నిర్ధారించారు. అప్పటికి దాదాపు అరవై ఏళ్ళయింది. ఆ మాట ఆ తమ్ముడి గట్టు దాకా చేరలేదు. చదువు కూడా ఖనిజం లాంటిదే. దేశంలో ఉండటం వేరు, వేరుకు అందడం వేరు.

అందుకే ఒక చిన్న గుర్తు నేర్చుకోండి, ఫోనులో మీవాళ్ళకు చెప్పండి. నత్రజని, పొటాష్, మెగ్నీషియం మొక్కలో కదలగలవు. అవి తక్కువైతే ముదురాకు తన దగ్గరున్నది లేతాకుకు ఇచ్చేసి తాను పండిపోతుంది. కాబట్టి కింది ఆకులు ముందు పాలిపోతాయి. ఇనుము అలా కదలదు. అది తక్కువైతే పై లేతాకు ముందు తెల్లబోతుంది. కింద పసుపా, పైన పసుపా అన్నది చూశాకే దుకాణానికి వెళ్ళమనండి. వీలైతే మట్టి పరీక్ష చేయించమనండి. 2015లో మొదలైన భూసార కార్డు పథకంలో జింకు, ఇనుము సహా 12 అంశాలు చూస్తారు.

చేను నుంచి రక్తం దాకా

ఆ ముదురాకు మాట చెప్తుంటే మాకు ఇక్కడి తల్లులే కళ్ళముందు కనిపిస్తున్నారు. ఉన్నది పిల్లలకు పెట్టి, మిగిలితే తాను తిని, రోజంతా బీడీలు చుట్టి, సాయంత్రానికి మెట్లెక్కితే ఆయాసపడే తల్లి. కళ్ళ కింద రెప్ప తెల్లగా, గోళ్ళు పాలిపోయి ఉంటాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. ఇళ్ళు తిరిగినప్పుడు "ఏమైందమ్మా" అని అడిగితే, "ఏంలేదయ్యా, నీరసం" అంటారు. ఆ నీరసం వాళ్ళ స్వభావం కాదు. చాలాసార్లు అది ఇనుము లోపం.

ఇక్కడ కూడా అదే తాళం. జొన్నలో ఇనుము ఉంది. ఈ జిల్లా మంగళవేఢా జొన్నకు భౌగోళిక గుర్తింపు ఉంది, మోహోళ్‌లో ఎంపికైన మాల్దండీ జొన్న దక్కనంతా పాకింది. కానీ గింజలోని ఫైటేట్ అనే పదార్థం ఇనుమును పట్టుకుని పేగుకు అందనివ్వదు. భాకరీ తినగానే తాగే చాయ్ ఇంకో తాళం వేస్తుంది. మట్టి నుంచి వేరుకు, గింజ నుంచి రక్తానికి, రెండుచోట్లా ఒకే కథ. ఉండటం వేరు, అందడం వేరు.

తాళం తీసే మార్గాలు కొన్ని మన వంటింట్లోనే ఉన్నాయి. తిండితోపాటు నిమ్మరసమో, జామకాయో, ఉసిరికాయో ఉంటే ఇనుము బాగా ఒంటబడుతుంది. గింజల్ని నానబెట్టి మొలకెత్తించినా, పిండి పులియబెట్టినా ఫైటేట్ తగ్గుతుంది. చాయ్‌ను అన్నానికి కనీసం గంట దూరం పెట్టండి. శాస్త్రవేత్తలు పంటలోనే ఇనుము పెంచే పనీ చేస్తున్నారు. ఇక్రిశాట్, పర్భణీ వ్యవసాయ విశ్వవిద్యాలయం కలిసి 2018లో ఇనుము, జింకు ఎక్కువున్న పర్భణీ శక్తి జొన్నను తెచ్చాయి. మన పక్కనే కేగావ్‌లోని దానిమ్మ పరిశోధన కేంద్రం షోలాపూర్ లాల్ అనే దానిమ్మను తయారుచేసింది. అన్నిటికన్నా ముందు రక్తపరీక్ష చేయించుకోండి. నీరసానికి వేరే కారణాలూ ఉండొచ్చు. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఇనుము మాత్రలు ఉచితంగా ఇస్తారు.

కానీ ఇక్కడితో ఆగితే మేం ఆ అంజూరపు చెట్టును తిట్టిన వాళ్ళమవుతాం. "బాగా తినమ్మా" అని చెప్పడం తేలిక. వెయ్యి బీడీలు చుడితే వచ్చే కూలితో బియ్యం, నూనె, అద్దె పోను నిమ్మకాయకూ పప్పుకూ ఎంత మిగులుతుంది? ఆమె కండెలో అయిపోయిన పేక నూలు జ్ఞానం కాదు, కూలి. 1976 చట్టంతో ఏర్పడిన బీడీ కార్మికుల సంక్షేమ నిధికి బీడీల మీద వేసే సుంకం నుంచి డబ్బు వచ్చేది. వైద్యానికి, పిల్లల చదువుకు, ఇళ్ళకు అందులోంచే ఖర్చుపెట్టేవారు. 2017లో జీఎస్టీతో ఆ సుంకం ఆగిపోయింది. ఇప్పుడు ఆ సాయం బడ్జెట్ దయ మీద ఉంది. ఈ సంగతి మనం అడగకపోతే ఎవరు అడుగుతారు?

కాబట్టి యౌవనస్థులారా, మీముందు మూడు పనులు పెడుతున్నాం. వచ్చే నెల కూడిక లోపల ప్రతి ఇంట్లో తల్లికీ అక్కకూ చెల్లికీ రక్తపరీక్ష చేయించి, ఎంత ఉందో రాసి తీసుకురండి. ఊళ్ళో సాగు చేసే ఒక బంధువుకైనా ఫోను చేసి, ఆకు చూసే గుర్తు, మట్టి పరీక్ష సంగతి చెప్పండి. మూడోది, రక్తపరీక్ష లెక్కలన్నీ పేర్లు లేకుండా ఒక కాగితం మీదికి తెద్దాం. కూలి గురించి, ఆసుపత్రి గురించి, రేషన్‌లో జొన్న గురించి కార్మిక శాఖకూ నగరపాలికకూ వినతిపత్రం ఇద్దాం. హిందువులు, ముస్లింలు, బౌద్ధులు, మనం, అందరం ఈ వాడవాళ్ళమే. వేరు నైట్రేటు పుట్టుక అడగనట్టే మనమూ ఎవరి పుట్టుకా అడగకుండా ఈ పని చేద్దాం.

ఆ ఉపమానం చివర చెట్టు కాసిందో లేదో ప్రభువు చెప్పలేదు. తోటమాలి ఒక ఏడాది అడిగాడు, అంతవరకే చెప్పాడు. మనకూ ఆ ఏడాది ఉంది. తవ్వుదాం, ఎరువు వేద్దాం.

దేవుడు మిమ్మల్నీ మీ చేతిపనినీ దీవించును గాక.